పసుపు తిన్న తుపాకి

మా ఊరి స్వామికి తుపాకి లేదు. శంఖం ఉంది, చక్రం ఉంది. కానీ ఏటా విజయదశమి సాయంత్రం ఆయన పల్లకీ ఎక్కి పారువేటకు బయలుదేరేటప్పుడు వేటకు పనికొచ్చే సామాను మాత్రం వెంట ఏమీ ఉండదు. ఆ లోటు తీర్చేది మా నాయన. ఊరి బయట వంకగడ్డన పల్లకీ దించి, పూజారి హారతి ఇచ్చాక, నాయన స్వామి తరఫున జోడుగొట్టాల తుపాకితో ఆకాశంలోకి ఒక్క దెబ్బ పేల్చాలి. దాంతో స్వామి వేట ముగిసినట్టు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆ వేటలో స్వామి ఒక్క కుందేలును కొట్టిన పాపాన పోలేదు. అయినా మా తాత కాలం నుంచి ఆ దెబ్బ మా ఇంటిది. కొందరికి తాతల నుంచి మాన్యాలు వస్తాయి. మాకు ఒక చప్పుడు వచ్చింది.

ఎర్రగుంట్లలో రైలు దిగి నాలుగు మైళ్లు నడిస్తే మా ఊరు. నాపరాళ్ల నేల. ఏ చేలో నాగలి దించినా రాయి తగిలి ఖంగుమంటుంది. అలాంటి చోట మనిషి గొప్పతనం పంటతో తేలేది కాదు, ఎందుకంటే పంట అందరికీ ఒకే రకంగా పోయేది. అందుకని గొప్పలన్నీ గోడకు తగిలించుకునేవాళ్లం. మా ఇంట్లో ఆ గోడ మీద ఉన్నది ఇంగ్లండులో చేసిన తుపాకి. రెండు గొట్టాలు, వాటి వెనక పైకి లేచి ఉండి తూటాను కొట్టే రెండు గుర్రాలు, కింద రెండు మీటలు. ముందు మీట నొక్కితే కుడి గుర్రం పడి కుడి గొట్టం పేలుతుంది, వెనక మీట నొక్కితే ఎడమది. పక్కనున్న ఇనుప పలక మీద ఎవరో దొర ఎంతో ఓపికగా ఒక కౌజుపిట్టను చెక్కాడు. ఏడాదిలో మూడువందల అరవైనాలుగు రోజులు ఆ తుపాకి చేసే పని ఆ పిట్టను మోయడమే.

నేను చెప్పబోయే సంవత్సరానికి ముందటి దసరాకు గొడవ మొదలైంది. స్వామి ముందు నిలబడి నాయన ఒక మీట నొక్కాడు. రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. ఆ అదటుకు నాయన వెనక్కి పోయి, పల్లకీ ముందర వెల్లకిలా పడ్డాడు. తలపాగా ఎగిరి మేళగాళ్ల మధ్య పడింది. ముందు అందరూ భయపడ్డారు. ఆయన లేచి కూర్చోగానే ఊరంతా నవ్వింది. తలపాగా తెచ్చి దుమ్ము దులిపి చేతికిచ్చింది మా చిన్నాయన, అంటే నాయనకు పినతండ్రి కొడుకు. ఇచ్చేవాడు ఊరికే ఇవ్వొచ్చు కదా. "అన్నా, ఈతూరి స్వామికి రెండు కుందేండ్లు పడినట్లుండాయే," అన్నాడు.

చిన్నాయన ఆ ఏడే ఒంటిగొట్టం తుపాకి ఒకటి కొన్నాడు. కొత్తది. గుడి పెద్దలు నాలుగు రోజులు ఆలోచించి తీర్పు చెప్పారు. వచ్చే దసరాకు ఇంకొకసారి నాయనే పేల్చవచ్చు. అప్పుడూ ఇలాగే అయితే ఆ తర్వాతి ఏడు నుంచి దెబ్బ చిన్నాయన ఇంటికి పోతుంది. నాయన ఆ తీర్పు విని సరేనన్నాడు. వారం రోజులు గడప దాటలేదు. అప్పటికే ఆయన అందరికంటే ముందు, ఒంటరిగా, గోడవైపు తిరిగి కూర్చుని భోంచేసే అలవాటు చేసుకున్నాడు. ముసలితనంలో ఆకలి ఆగదు కాబోలు అనుకున్నాను.

నేనప్పుడు కర్నూల్లో హైస్కూలు సైన్సు అయ్యవారిని. కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలం. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు, మాకు ఇళ్లు చాలక అద్దెలు పెంచారు. రాష్ట్రాన్ని గుడారాల్లోంచి ఏలుతున్న ఊళ్లో ఉంటున్నాను కనుక నేనూ ఏదో ఒకటి ఏలుతున్నానన్న భ్రమ నాకు ఉండేది. తరగతిలో నలభైమందికి బోర్డు మీద బొమ్మలు వేసి యంత్రాల గురించి పాఠం చెప్పేవాణ్ణి. అలాంటివాడికి ఒక పాత తుపాకి లొంగదా? పైగా సైన్సు చదివినవాడికి ఇంట్లో దేన్నైనా విప్పే హక్కు తానుగా వస్తుంది. తిరిగి బిగించే బాధ్యత రాదు.

సంక్రాంతి సెలవుల్లో మొదటి పరీక్ష చేశాను. తప్పు తూటాల్లో ఉందని తేల్చాను. చెమ్మ పట్టి ఉంటాయని వాటిని మిద్దె మీద ఎండబెట్టాను. ఆ పక్కనే మా అమ్మ మిరపకాయలు ఆరబోసింది. సాయంత్రం రెంటినీ ఒకే చాటలో ఎత్తి కిందికి తెచ్చింది. తూటాల్లో చెమ్మ ఉంటే అవి పేలకుండా పోతాయి గానీ రెండూ కలిసి ఎందుకు పేలతాయన్న ప్రశ్న ఏ విద్యార్థి అయినా అడిగేవాడే. నన్నడిగే విద్యార్థి అక్కడ లేడు.

వేసవిలో రెండో పరీక్ష. స్ప్రింగు అరిగిందని తేల్చాను. కుట్టుమిషను పెట్టెలోని స్క్రూడ్రైవరు తెచ్చి పలక విప్పబోయాను. మర కదల్లేదు, స్క్రూడ్రైవరు జారింది. కౌజుపిట్ట ముక్కు చెక్కుకుపోయింది. నాయన చూసి తుపాకిని మళ్లీ గోడకు తగిలించాడు. అమ్మ మాత్రం ఇది దిష్టి అంది. చిన్నాయన కళ్లు మంచివి కావని, దసరా దాకా ఆగకుండా తుపాకికి ప్రత్యేకంగా పూజ చేస్తానని చెప్పి, చేసింది కూడా. మా ఇద్దరి వైద్యాల్లో ఏది ఎక్కువ శాస్త్రీయమో ఇప్పుడు చెప్పమంటే నాకు చేతకాదు.

ఇక లాభం లేదని భాద్రపదంలో నాయనను కర్నూలుకు రమ్మన్నాను. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది కనుక తుపాకి రావాలంటే ఆయన రావాలి. రెండు బస్సులు మారి వచ్చాడు. తుపాకిని గొంగట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంటే, బస్సులో పక్కవాళ్లు లేచి వెనక్కి పోయారట. జీవితంలో మొదటిసారి ముగ్గురి సీటులో ఒక్కణ్ణే కాళ్లు చాపుకుని వచ్చానని సంతోషంగా చెప్పాడు. ఆ మాట తప్ప తుపాకి గురించి ఇంకేమీ మాట్లాడలేదు. బాగుచేయించడానికి నాకున్న తొందర ఆయనకు ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

పాతబస్తీలో ఒక సందులో ఉస్తాదు దుకాణం ఉండేది. బతుకుతెరువు కుట్టుమిషన్లు, తాళాలు, కిరసనాయిలు స్టవ్వులు. తుపాకి ఏడాదికి ఒకటో రెండో వస్తే పండగ. వాళ్ల తాత నవాబు తుపాకులు బాగుచేసేవాడని చెప్పాడు. కర్నూల్లో ఏ రిపేరు దుకాణానికి పోయినా తాత నవాబు దగ్గరే పనిచేసి ఉంటాడు. అంతమంది బాగుచేసే తుపాకులు ఉండి కూడా నవాబు రాజ్యం ఎందుకు పోయిందో అడగాలనిపించింది కానీ, పని చెడుతుందని ఊరుకున్నాను.

ఉస్తాదు తుపాకిని అటూ ఇటూ తిప్పి, ముందు పిట్టను చూశాడు.

"ఈ పిట్టను ఎవురు చంపినారు?" అని అడిగాడు.

నాయన గడ్డంతో నన్ను చూపించాడు. ఇరవై ఏళ్లలో ఆ తుపాకి వల్ల చచ్చిన పిట్ట అదొక్కటే.

తర్వాత నాయనను కూర్చోబెట్టి, డాక్టరు రోగిని అడిగినట్టు ఒక్కొక్కటే అడిగాడు. రెండూ ఒకేసారి పేలాయా, ఒకదాని వెనక ఒకటా? నొక్కింది ముందు మీటా, వెనక మీటా? నాయన సగం వాటికి జవాబు చెప్పాడు, సగం వాటికి జ్ఞాపకం లేదన్నాడు. ఉస్తాదు రెండు గొట్టాల్లో పేలిపోయిన పాత తూటా గుల్లలు పెట్టి, గుర్రాలు రెండూ ఎత్తి, నేల మీద గోనెసంచి పరిచి, తుపాకి మడమ చెక్కను దాని మీద ఒక్కసారి తాటించాడు. ఎవరూ మీట ముట్టుకోకుండానే ఎడమ గుర్రం టక్కున పడింది. మళ్లీ తాటించాడు. మళ్లీ పడింది.

"లోపల కొక్కెం పట్టలేదు," అన్నాడు. ఎత్తిన గుర్రాన్ని గాడిలో పట్టి ఆపేది ఒక చిన్న కొక్కెం. మీట నొక్కితే అది తప్పుకోవాలి, నొక్కకుంటే కదలకూడదు. ఇక్కడ కుడి గొట్టం పేలిన అదటుకే ఎడమ కొక్కెం జారిపోతోంది.

నేను అరగంట పోరాడినా కదలని మరను ఆయన చుక్క కిరసనాయిలు వేసి, బీడీ ఒకటి కాల్చుకుని, ఆ తర్వాత విప్పాడు. పలక ఊడిరాలేదు. సన్నటి చువ్వతో లేపాల్సి వచ్చింది. లోపల ఇనుము కనపడలేదు. పచ్చగా, ఎర్రగా, పాకం ముదిరిన మైసూరుపాకులాంటిది గట్టిగా పేరుకుని ఉంది. ఉస్తాదు దాన్ని పుల్లతో గీకి కాగితం మీద పెట్టాడు. పసుపు, కుంకుమ, గంధం. అన్నింటినీ కలిపి ముద్ద చేసిన ఆముదం. అందులోంచి అక్షింతల గింజ ఒకటి చెక్కుచెదరకుండా బయటపడింది.

"దీనికి రోగమేం లేదు అయ్యవారూ," అన్నాడు ఉస్తాదు. "భక్తి ఎక్కువైంది."

మా ఇంట్లో ఆయుధపూజకు తుపాకిని పీట మీద పెట్టి, నిలువునా పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, తుప్పు పట్టకూడదని పైనుంచి ఆముదం పోసేవాళ్లు. తుడిచే ఆచారం లేదు. దేవుడికి పూసినది తుడిస్తే అరిష్టం. ముప్పై నలభై దసరాల ఆముదం పలక సందులోంచి దిగి, పసుపును వెంటబెట్టుకుపోయి, కొక్కెం కూర్చోవాల్సిన గాడిలో తాను కూర్చుంది. కొక్కెం అంచు మీద మాత్రమే నిలబడుతోంది. పూజ చేసిన మరునాడే దాన్ని పేల్చమని చేతికిచ్చేవాళ్లం.

నాకు పట్టలేని సంతోషం కలిగింది. ఇంట్లో ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న వాదానికి ఇంత చక్కటి సాక్ష్యం కాగితం మీద పెట్టి ఎవరిచ్చారు? అక్కడే నాయనకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. మూఢనమ్మకాలు ఇనుమును కూడా చెడగొడతాయన్నాను. మనవాళ్లు యంత్రాన్ని విప్పి చూడరు, బొట్టు పెట్టి దండం పెడతారన్నాను. విప్పబోయి పిట్టను చంపినవాణ్ణి నేనేనన్న సంగతి ఆ వేడిలో గుర్తు రాలేదు. నాయన ముక్కాలిపీట మీద కూర్చుని తలవంచుకుని విన్నాడు. వాదంలో ఓడిపోయినందుకు మాట్లాడటం లేదనుకున్నాను.

మధ్యాహ్నం దాకా పని సాగింది. ఉస్తాదు భాగాలన్నీ కిరసనాయిలులో నానబెట్టి, కోడి ఈకతో కడిగి, కొక్కెం ముక్కును సానరాయి మీద నాలుగుసార్లు మాత్రం రుద్దాడు. ఐదోసారి రుద్దితే చెడుతుందన్నాడు. మళ్లీ బిగించి గోనెసంచి మీద తాటించాడు. గుర్రాలు కదల్లేదు. ఎదురు కిరాణా కొట్టు నుంచి తూకపురాళ్లు తెప్పించి, గుడ్డసంచిలో వేసి మీటకు వేలాడదీశాడు. వీశెకు కదల్లేదు. వీశెన్నరకు టక్కుమంది. అంతే ఉండాలట. అంతకంటే తేలికైతే ప్రమాదం, బరువైతే గురి తప్పుతుంది. నేను పుస్తకాల్లో చదివిందంతా ఆయన సంచిలో వేసి తూచి చూపించాడు.

"ఇంగ నువ్వు నొక్కి చూడు పెద్దయ్యా," అని నాయన చేతికిచ్చాడు.

నాయన తీసుకోవడానికి తటపటాయించాడు. నేను తొందరపెట్టాను. లేచి, భుజానికి ఆనించి, నొక్కాడు. రెండు గుర్రాలూ ఒకేసారి పడ్డాయి.

ఉస్తాదు తీసుకుని గుర్రాలెత్తి ముందు మీట నొక్కాడు. ఒక్కటే పడింది. నాకిచ్చాడు. నేను నొక్కాను. ఒక్కటే పడింది. మళ్లీ నాయన. రెండూ. నేను పలక విప్పి మళ్లీ చూడమన్నాను. నేనింకా తుపాకి వైపే చూస్తున్నాను. ఉస్తాదు మాత్రం దాన్ని పక్కన పెట్టి, నాయన కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చూపుడువేలును మెల్లగా వంచబోయాడు. అది వంగలేదు. పుల్లలాగా నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లు కావస్తాంది," అన్నాడు నాయన. "కపిల తోల్తాంటే మోకు చుట్టుకునింది."

బావిలోంచి తోలుబొక్కెన లాగే ఎద్దుల మోకు వేలికి చుట్టుకుని, లోపలి నరం తెగింది. పైకి చిన్న గాయమే, మానిపోయింది. వేలు మాత్రం తిరిగి రాలేదు. అది వంగదు కనుక మీటల మీదికి నడిమి వేలు, ఉంగరం వేలు పంపుతున్నాడు. ఆ రెండూ విడివిడిగా కదలవు. ఒకటి బిగిస్తే రెండోది వెంట వస్తుంది. పిడికిలి బిగించినట్టే. తుపాకిలో పసుపున్నా లేకపోయినా రెండూ పేలేవే.

ఇంట్లో ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెద్దదయింది. కోపం ఆయన మీద అనుకుని అడిగాను.

"చెప్తే తుపాకి తీసుకుంటారు గదా," అన్నాడు. నా వైపు చూడలేదు.

ఆ దుకాణంలో స్టవ్వుల మధ్య నిలబడి నాకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గోడవైపు తిరిగి తినడం. చొక్కా గుండీలు వదిలేసి ఉక్కపోస్తోంది అనడం. అన్నిటికంటే ముందు ఆ కార్డులు. నాయన నెలకొక కార్డు రాసేవాడు. వీధిబడి చదువే అయినా ముత్యాల్లాంటి అక్షరాలు. రెండేళ్ల కిందట ఉన్నట్టుండి అవి వంకర్లు పోయాయి. కోడి గెలికినట్టున్నాయని నేను నవ్వుకుని, పిల్లల నోటుబుక్కు దిద్దినట్టు ఎర్రసిరాతో సున్నలు చుట్టి, అదే కార్డును కవర్లో పెట్టి తిరిగి పంపాను. తమాషాకి. ఆ తర్వాత వచ్చిన కార్డులన్నీ ఊరి పోస్టుమాస్టరు చేతిరాతే. నేను ఏ రోజూ ఎందుకని అడగలేదు. ఆ తుపాకిని విప్పాలని చూసినన్నిసార్లు ఆయన చేతిని చూడలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఉస్తాదు నడిమి వేలొక్కటే వాడి చూడమన్నాడు. ఐదుసార్లలో నాలుగుసార్లు రెండూ పడ్డాయి. చివరికి చాలా తేలికైన ఉపాయం చెప్పాడు. ఒక గొట్టంలోనే తూటా పెట్టమన్నాడు. గుర్రాలు రెండూ పడినా పేలేది ఒకటే.

నాయనకు అప్పుడు కోపం వచ్చింది. మా ఆచారంలో రెండు తూటాలు స్వామి పాదాల దగ్గర పెట్టి, పూజారి చేతి మీదుగా తీసుకోవాలి. ఒకటి పేలకపోతే స్వామిని నిలబెట్టి ఇంకొకటి వెతుక్కోకూడదని మా తాత పెట్టిన కట్టు. రెండు తీసుకుని ఒకటి దాచడం దొంగతనమన్నాడు.

"దేవుడు గొట్టంలోకి తొంగి చూడడులే పెద్దయ్యా," అన్నాడు ఉస్తాదు.

"మా స్వామి చూస్తాడు," అన్నాడు నాయన.

ఆ పైన వాదించడానికి ఏముంది? నేను పేలుస్తానంటే, లైసెన్సు నీ పేరుతో లేదన్నాడు. నడుము పడిపోయినప్పుడు మా జీతగాడి చేత పందుల మీద పేల్పించిన మనిషికి ఉన్నట్టుండి చట్టం మీద గౌరవం పుట్టింది. సంగతి మీ అమ్మకు చెప్పాకు అని మాట తీసుకుని బస్సెక్కాడు. గొంగట్లో తుపాకి, పక్కన ఖాళీ సీట్లు.

ఆయుధపూజ నాటికి సెలవు పెట్టి ఊరికి పోయాను. వేలు సంగతి చెప్పకూడదు కనుక పసుపు సంగతి పట్టుకున్నాను. కర్నూలు నుంచి పొట్లం కట్టి తెచ్చిన ఆ ముద్దను అమ్మ ముందు విప్పి, ఇదిగో నీ పూజ అన్నాను. అమ్మ అక్షింతల గింజను వేలితో ముట్టుకుంది. పసుపు పెట్టకుంటే అది ఇనుమే గానీ ఆయుధమెట్లయితుందని వాదిస్తుందనుకుని, జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

"నూనె ముందు ఇంత పోసేదాన్ని కాదప్పా," అంది మెల్లగా. "ఆయప్ప వేలు బాగుకావాలని, ఈ రెండేండ్లే రవ్వంత ఎక్కువ పోసినా."

ఆమెకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ఆయనకు ముందుగా, ఒంటరిగా వడ్డిస్తున్నది ఆమే. ఆయన చెప్పలేదు కనుక ఆమె అడగలేదు. అడగలేనిదాన్ని దేవుడికి చెప్పుకోవాలి కదా, ఆయన మనసుకు దగ్గరైన దేవుడు ఎవరా అని చూసి, ఆ గోడ మీది తుపాకికి చెప్పుకుంది. పౌర్ణమికీ అమావాస్యకూ ఎవరూ చూడనప్పుడు సందులో ఆముదం పోసి దండం పెట్టుకుందట. ఆయన వేలు వంగాలని పోసిన నూనె తుపాకి కొక్కేన్ని గాడిలో నిలవకుండా చేసింది. మా ఇంట్లో సంగతి తెలియనివాడు సైన్సు చదివినవాడొక్కడే. నా పొట్లాన్ని నేనే మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ ఏడు పసుపు మడమ చెక్కకు మాత్రమే రాస్తే చాలునని ఇద్దరం ఒప్పుకున్నాం. నూనె పోయలేదు.

మరునాడు సాయంత్రం పారువేట. ముందటేడు నవ్వినవాళ్లు ఈసారి ముందు వరసలో చోటు పట్టుకున్నారు. చిన్నాయన తన కొత్త తుపాకి భుజాన వేసుకుని వచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పూజారి హారతి ఇచ్చి, స్వామి పాదాల దగ్గరి రెండు తూటాలు తీసి నాయన దోసిట్లో పెట్టాడు. నాయన కళ్లకద్దుకుని, అటు తిరిగి తుపాకిని కీలు దగ్గర విరిచి తెరిచి నింపాడు. ఎడమచేత్తో నింపడం నేను గమనించాను. గమనించడం కొత్తగా నేర్చుకున్నాను కదా.

రెండు గుర్రాలూ ఎత్తాడు. ఆయన వెనక్కి పడితే పట్టుకోవాలని రెండడుగులు దగ్గరికి జరిగాను. ఒక్క దెబ్బ. ఒకటంటే ఒకటే. వంక అవతలి గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. నాయన కదలకుండా నిలబడి ఉన్నాడు, తలపాగా తల మీదే ఉంది. మేళం మోగింది, జనం గోవిందలు కొట్టారు. చిన్నాయన వచ్చి నాయన ముందు నిలబడి, "బాగ పేలిందిన్నా," అని మాత్రం అన్నాడు. స్వామి ఎప్పటిలాగే ఖాళీ చేతులతో గుడికి మళ్లాడు.

ఐదుసార్లలో ఒకసారి దక్కే అదృష్టం ఆ పూట దక్కిందనుకున్నాను. ఇంటికి వచ్చి అరుగు మీద తుపాకి తుడవడానికి తీసుకున్నాను. రెండో తూటా ఇంకా లోపలే ఉంటుందని జాగ్రత్తగా విరిచాను. కుడి గొట్టంలో పేలిన గుల్ల ఉంది. ఎడమ గొట్టం ఖాళీగా, శుభ్రంగా, అటునుంచి ఆకాశం కనపడేట్టు ఉంది.

నాయన వైపు చూశాను. ఆయన రొంటిన దోపుకున్న రెండో తూటా తీసి అరుగు మీద పెట్టాడు.

"స్వామి గొట్టంలోకి చూస్తాడంటివి గదా నాయనా?" అన్నాను.

"చూసింటాడు," అన్నాడు. "ఏమీ అన్లేదు."

అమ్మ గడపలోంచి వచ్చి, ఆ తూటాను కొంగుతో ఎత్తుకుని లోపలికి పోయింది. దేవుడి గూట్లో పెట్టి, దానికి నిలువునా పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన ఆముదం కూడా పోసింది. ఎన్నడూ గొట్టం ఎక్కబోని తూటాకు ఎంత పూజ చేసినా నష్టం లేదని ఆమెకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. నాయన ఉన్నన్నాళ్లూ అది ఏటా స్వామి పాదాల దాకా పోయి, ఆయన రొంటిన వేటాడి తిరిగి వచ్చేది.

ఆ పూట సంగటి వడ్డించేటప్పుడు నాయన ముందుగా కూర్చోలేదు. నేను కాళ్లు కడుక్కుని వచ్చేదాకా ఆగి, పక్కన కూర్చోమని చేత్తో చూపించాడు. గోడవైపు తిరగలేదు. ముద్ద తుంచి ఊరిమిండి పచ్చడిలో అద్దుకుంటుంటే ఆ వేలు పక్కకు నిలబడి ఉంది. సగం ఊరిమిండి విస్తట్లో పడింది. ఆయన దాచలేదు, నేను చూపు తిప్పుకోలేదు.

కర్నూలు తిరిగి వచ్చిన పదిహేను రోజులకు నాకొక కార్డు వచ్చింది. పోస్టుమాస్టరు చేతిరాత కాదు. వాన లేదని, శెనగ చల్లలేదని, చిన్నాయన వచ్చి కాఫీ తాగి పోయినాడని, వచ్చే దసరాకు సెలవు ముందే అడిగి పెట్టుకోమని ఉంది. నాలుగు వాక్యాలకు కార్డు నిండిపోయింది. అక్షరాలు కోడి గెలికినట్టే ఉన్నాయి. మూడు చోట్ల ఒత్తులు పోయాయి, ఒక చోట నా పేరే తప్పు రాశాడు. స్కూల్లో బల్ల మీద ఎర్రసిరా బుడ్డి నా చేతికి అందేంత దూరంలో ఉంది. కార్డును చొక్కా జేబులో పెట్టుకుని తరగతికి పోయాను.